పుష్పావతి తాగిన పేపరు గ్లాసు

ముదిగుబ్బ దగ్గరి ఆ పల్లెలో కులం పట్టింపు లేని ఇల్లు ఏదంటే పుష్పావతి తన ఇంటినే చూపించేది. అత్త కాలంలో కూలోళ్లకు నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. పుష్పావతి కాపురానికి వచ్చాక వాళ్ల కోసం పశువుల కొట్టంలో స్టీలు గ్లాసులు వేరుగా పెట్టించింది. ఊరంతా ఆమెది వెన్నలాంటి మనసంది. కరోనా వచ్చిపోయాక వాటినీ తీసేసి పేపరు గ్లాసులు తెప్పించింది. ఆరోగ్యం కోసమట. ఇంట్లోవాళ్లు మాత్రం స్టీలు గ్లాసుల్లోనే తాగుతూ హాయిగా ఉన్నారు.

వేరుశనగ చేలో చెనిక్కాయ పెరకాలన్నా, పాలిచ్చే ఎనుముకు గడ్డి కోయాలన్నా కూలికి తిప్పమ్మే రావాలి. "తిప్పమ్మ మా ఇంటి మనిషి" అనేది పుష్పావతి. ఆ ఇంటి మనిషి ఏనాడూ గడప దాటి లోపలికి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు కూడా.

ఎస్సీ కాలనీలో తిప్పమ్మ కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పిలుస్తూ, "అమ్మా, నువ్వు నా ఇంట్లో ఒక్క గుక్క కాఫీ తాగాల. నలుగురిలో తలెత్తుకుంటా" అంది.

"ఏమే, నేను రాకుండా ఉంటానా?"

భర్త కేశవ గొణిగినా పుష్పావతి లెక్కచేయలేదు. వెళ్తున్నట్టు వీధంతా చెప్పి మరీ బయల్దేరింది.

కొత్త సున్నం వాసన ఇంకా పోని ఇంట్లో, తువ్వాలు పరిచిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టారు. తిప్పమ్మ కూతురు హేమ తళతళలాడే స్టీలు గ్లాసుల్లో అందరికీ కాఫీ ఇచ్చింది. పుష్పావతికి మాత్రం తిప్పమ్మే స్వయంగా పళ్లెంలో పెట్టి తెచ్చింది, పేపరు గ్లాసులో. పుష్పావతి మనసు చివుక్కుమంది.

"నాకొక్కదానికే ఇదేమే?"

"మా గ్లాసులు ముట్టుకుంటావో లేదోనని ముదిగుబ్బలో కొనుక్కొచ్చినామమ్మా. మీ ఇంట్లో ఇచ్చేటివే."

"అందరి ముందరా నన్ను వేరు చేసినావు కదే!"

తిప్పమ్మ బిత్తరపోయింది. "వేరెందుకమ్మా? మర్యాద కదా?"

వేళ్లు కాలుతున్నా పుష్పావతి కాఫీ మొత్తం తాగింది. మెత్తబడిన గ్లాసు ఎక్కడ పారేయాలో తెలీక చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి భర్త ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. "అంతమందిలో నన్ను అంటరానిదాన్ని చేసిండాది!"

"అందుకే పోవద్దంటి" అన్నాడు కేశవ.

మర్నాడు తిప్పమ్మ ఎప్పటిలాగే వచ్చి మెట్టు మీద కూర్చుంది. మంచితనమంటే ఏమిటో ఈరోజు దానికి చూపించాల్సిందే అనుకుని పుష్పావతి గూట్లోంచి ఒక స్టీలు గ్లాసు తీసింది. అది కేశవది. దాన్ని పెట్టేసి ఇంకోటి తీసింది. అది తనది. ఏది ఇవ్వాలో తేలక అక్కడే నిలబడిపోయింది.

అంతలో రెండో తరగతి చదివే మనవరాలు శశి పేపరు గ్లాసులో కాఫీ పోసుకెళ్లి, తిప్పమ్మ చేతికివ్వకుండా పక్కన పెట్టి, వెనక్కి జరిగింది.

"ఎవరు చెప్పినారే నీకు?" అంది పుష్పావతి.

"ఎవరూ చెప్పలేదవ్వా. తిప్పమ్మకు ఇట్లే కదా ఇచ్చేది?"

తిప్పమ్మ నవ్వింది. "అన్నీ నీ బుద్ధులే వచ్చినాయమ్మా పాపకు."

పుష్పావతి ముఖం విప్పారింది. చేతిలోని గ్లాసును మళ్లీ గూట్లో పెట్టేసి, మనవరాలిని దగ్గరకు తీసుకుని ముద్దుపెట్టుకుంది.