పసుపు అంటిన ఫ్లాపీ

గరువుపాలెం నీళ్ళు తాతల కాలం నుంచీ ఉప్పేనని భద్రిరాజు గారు అంటే, కాదన్నది మీనాకుమారి ఒక్కతే. ఆయన భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఆసామి. ఊరి బావులకు ఆనుకుని మరో ఎనభై ఎకరాలు తవ్వించడానికి అనుమతి అడిగారు. నీళ్ళు మొదటినుంచీ ఉప్పే అయితే చెరువులవల్ల కొత్తగా చెడేదేమీ ఉండదు. ఆ వాదం గ్రామసభలో నిలిచిందంటే అనుమతి వచ్చినట్టే. సభకు ఆరు రోజులుంది.

మీనాకుమారికి అరవై మూడేళ్ళు. భీమవరంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేసి రిటైరైంది. తొంభై అయిదు నుంచి మూడేళ్ళపాటు తన ఊరి నలభై రెండు బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి, ఉప్పు కొలిచి, అంకెలను కాలేజీ కంప్యూటర్లోకి ఎక్కించింది. నీళ్ళు పట్టేది అమావాస్య నాడే. ఆనాడు సముద్రం పోటెత్తి ఉప్పుటేరు ఎగదన్నుతుంది. బావిలో ఉప్పు ఉంటే ఆనాడు దాగదు. రాసుకున్న పుస్తకాలను తర్వాత చెదలు తిన్నాయి. ఆ కంప్యూటర్ను కాలేజీవారు వేలం వేస్తే తానే పాడుకుని అటకెక్కించింది. ఇన్నేళ్ళకు దాన్ని కిందికి దింపించింది.

బాగుచేయడానికి ఫణీంద్ర వచ్చాడు. ఒకప్పుడు ఆమె ల్యాబ్‌లో బీకర్లు పగలగొట్టిన విద్యార్థి. ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డాడు, భీమవరంలో కంప్యూటర్ల షాపు నడుపుతున్నాడు. దుమ్ము దులిపి, బ్యాటరీ మార్చాక తెర వెలిగింది. అంకెలు ఎక్కించిన ప్రోగ్రాం పేరు కొట్టగానే మాత్రం ఒకటే జవాబు: ప్రారంభ ఫైళ్ళు ఫ్లాపీ పెట్టే 'ఏ' డ్రైవ్‌లో లేవు.

"దీని ఫ్లాపీ ఉందాండీ?"

బిస్కెట్ల డబ్బాలోంచి ఆమె ఫ్లాపీ తీసి ఇచ్చింది. దాని నుదుట మూడు పసుపు బొట్లు, వాటి మీద కుంకుమ.

"ఇదెవరి పని మేడమ్?"

"నాదే. దసరాకి ఉప్పు కొలిచే బ్యూరెట్ల దగ్గర్నుంచి బీరువా దాకా అన్నిటికీ బొట్టు పెట్టేదాన్ని. దీనికెందుకు లోటని పెట్టాను. తడి పసుపు లోపలికి దిగింది."

"సరస్వతికి పూజ చేసి ఆవిడ నోరే మూయించారన్న మాట."

"నవ్వింది చాలు. పని చూడు."

అతను చూసి తల గోక్కున్నాడు. "కొలతలు హార్డ్ డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయండి. వాటిని విప్పి చదవగలిగింది ఈ ప్రోగ్రాం ఒక్కటే. ఇది లేవాలంటే రెండు చిన్న ఫైళ్ళు కావాలి. కొలతలు ఎక్కడున్నాయో చెప్పేది ఒకటి, బావుల పేర్లు వరసగా ఉన్నది ఒకటి. రెండూ ఈ ఫ్లాపీలోనే పోయాయి. వదిలేయండి మేడమ్. రాజుగారితో మనకెందుకు?"

"నీళ్ళు తాగేది మేము కదా. ఆ రెండు ఫైళ్ళూ ఆనాడు కొట్టింది నేనే. మళ్ళీ కొడతాను."

మొదటి ఫైల్లో ఉండేది ఒక్క వాక్యం. అది ఆమె వేళ్ళకే గుర్తుంది. ఫ్లాపీ లేదు కాబట్టి ఫణీంద్ర హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, ఇకనుంచి 'ఏ' డ్రైవ్ అంటే ఇదేనని యంత్రానికి ఆదేశమిచ్చాడు.

"దానికి అబద్ధం చెబుతున్నామా?" అని అడిగిందామె.

"అడ్రసు మారిందని చెబుతున్నామండి, అంతే."

ఆమె కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

రెండో ఫైల్లో ఇంటిపేర్ల వరసన బావుల పేర్లు కొట్టింది. నలభై ఒకటి తేలాయి. నలభై రెండు కావాలని ప్రోగ్రాం మొండికేసింది. మర్నాడు, ఒకప్పుడు సీసాల సంచీతో తిరిగిన దారినే మళ్ళీ నడిచింది. నీళ్ళ టిన్నులతో జనం వరసకట్టిన మినరల్ వాటర్ ప్లాంటు దగ్గర ఆగిపోయింది. రత్నమాణిక్యం గారి బావిని పూడ్చి కట్టింది దాన్నే. ఇంటికొచ్చి ఆ పేరు చేర్చేసరికి ప్రోగ్రాం లేచింది. మూడేళ్ళ అంకెలు తెరమీద బారులు తీరాయి.

సభనాడు ఫణీంద్ర ఆ యంత్రాన్ని ఆటోలో తెచ్చి పంచాయతీ ఆఫీసు బల్లమీద పెట్టాడు.

"మా తాతగారి పెళ్ళి ఫోటోలు కూడా ఇందులోనే ఉంటాయేమో, కాస్త వెతకండి పిన్నిగారూ," అన్నాడు అచ్చిబాబు. రాజుగారి చెరువుల మీద కాపలా అతని ఉద్యోగం. కొందరు నవ్వారు.

భద్రిరాజు గారు మాత్రం నవ్వలేదు. "మీ కష్టాన్ని తీసెయ్యనండి. కానీ బావుల పేర్లు మొన్న మీరే కొట్టారటగా. జ్ఞాపకం మీద రాసింది సాక్ష్యమవుతుందాండీ?"

"న్యాయమైన ప్రశ్నే అడిగారు రాజుగారూ. పేర్లు మొన్నటివే. అసలైనవి నా చేతుల్లోనే పాడయ్యాయి."

ఫణీంద్ర లేచి, మొన్న కొట్టిన రెండు ఫైళ్ళ మీద మొన్నటి తేదీని, కొలతల ఫైలు మీద తొంభై ఎనిమిది నాటి తేదీని చూపించాడు.

"పేర్లన్నీ తీసేయండి," అంది మీనాకుమారి. "ఏ అంకె ఏ బావిదో నాకూ తెలియదనుకోండి. నలభై రెండింటిలో ఉప్పు తాగునీటి హద్దు దాటినవి మూడే. ఆ మూడింటికీ మీకు నచ్చిన పేర్లు పెట్టుకోండి. తక్కిన ముప్పై తొమ్మిదీ మంచినీళ్ళే. అవి అమావాస్య పోటునాడు పట్టిన నీళ్ళు. మీ మాటకు బలం దొరికితే ఆనాడే దొరకాలి. ఆనాడూ దొరకలేదు."

నవ్వినవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. భద్రిరాజు గారు తెరవైపు వంగి అంకెలను పైనుంచి కిందిదాకా చదివారు.

మండలం నుంచి వచ్చిన అధికారిణి మంజుష నివేదిక కాగితం అందుకుని ఒక వాక్యం రాసింది. "పాత లెక్కలు కదండీ. 'సమాచారం సందేహాస్పదం' అని రాసి పైకి పంపిస్తాను. లెక్కలు ఇచ్చినవారిగా మీరు సంతకం పెట్టండి."

మీనాకుమారి కలం ముట్టుకోలేదు. "పేర్లు సందేహాస్పదమని రాయండమ్మా, పెడతాను. అంకెలు సందేహాస్పదమంటే పెట్టను. నా తప్పు ఎంతవరకో అంతవరకే రాయాలి."

"మీరు పెట్టకపోతే ఇది కదలదండి."

"కదలకపోతే కూర్చుంటాను."

బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. మంజుష ఆమె వంకా తెర వంకా చూసి, రాసిన వాక్యాన్ని కొట్టేసింది. బావుల పేర్లు ధ్రువపడలేదనీ, కొలతల ప్రకారం ఊరి నీరు మొదటినుంచీ ఉప్పు కాదనీ, పూడ్చకుండా మిగిలిన బావులన్నిటినీ వచ్చే అమావాస్యకు కొలిచేదాకా అనుమతి ఆపాలనీ కొత్తగా రాసింది.

"కొలిచేదెవరండి?" అన్నారు భద్రిరాజు గారు.

"మీ అచ్చిబాబును పంపండి. నీళ్ళు అతనే తోడతాడు, సీసాలకు సీలూ అతనే వేస్తాడు. బ్యూరెట్ నేను పట్టుకుంటాను," అని మీనాకుమారి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.