అంచు మీద పెన్సిల్ రాత

ఆత్మకూరులో పుస్తకాలు కుట్టే హసీనాకు ఆ పని ఎవరూ నేర్పలేదు. భర్త పోయిన ఏడాది, ఆయన కుట్టిన పాత రిజిస్టర్లను ఒక్కొక్కటే విప్పి, దారం ఏ కన్నంలోంచి వచ్చి ఎందులోకి దూరిందో చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకుంది. ఇరవై రెండేళ్లయింది. మైదా జిగురులో మైలుతుత్తం ఎంత కలిపితే పురుగు రాదో ఇప్పుడు ఆమె వేళ్లకే తెలుసు.

సోమవారం, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే చౌడేశ్వరి ఒక పుస్తకం తెచ్చింది. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు కవయిత్రి పద్యాలు. అట్ట ఊడింది, కాగితాలు వదులయ్యాయి. ప్రతి పేజీ బయటి అంచునా సన్నటి పెన్సిల్ రాత, తెలుగులో.

"మా రంగనాథ్ సారు రాసినవక్కా. ఆయన పోయినాడు. శుక్రవారం కర్నూల్లో నా పీహెచ్‌డీ పరీక్ష. నా చదువంతా ఈ అంచుల మీదే ఉండాది."

కుడుతూ హసీనా ఆ రాత చదివింది. ఆ కవయిత్రి పగలంతా లేసు అల్లేది, నమూనా కాగితాల వెనక పద్యాలు రాసుకునేది. సముద్రం మీద పోయిన తమ్ముడి కోసం ఎదురుచూపు, దేవుడి మీద అనుమానం, మళ్ళీ నమ్మకం. 'పద్యానికి పొట్టి పాదాలు. దుఃఖమనే మాట వాడదు. ఖాళీ కుర్చీ చూపించి ఊరుకుంటుంది' అని ఒకచోట సారు రాశాడు. పని తెలిసిన మనిషే ఈమె, అనుకుంది హసీనా.

బుధవారానికి కుట్టు అయింది. కుట్టిన పుస్తకానికి మూడు వైపులా అంచు కోయించడం ఆనవాయితీ. పక్క వీధిలో మరిది అన్సార్‌కు కటింగ్ మిషన్ ఉంది. బడి రిజిస్టర్లతో పాటు ఈ పుస్తకాన్నీ ఇచ్చి వచ్చింది. చేతి అలవాటు. జిగురు కలుపుతుంటే చౌడేశ్వరి గుమ్మంలో నిలబడి అడిగింది.

"సారు రాతేం చెదరలేదు కదక్కా?"

హసీనా చేతిలో గరిటె ఆగిపోయింది. చెప్పులేసుకోకుండా పరిగెత్తింది.

"అన్సార్! ఆపప్పా!"

"ఏం వదినా, ఇల్లేమన్నా కాలిపోతాందా?"

కత్తి అప్పుడే పైకి లేస్తోంది. పుస్తకం ముందంచు నున్నగా ఉంది. వెనకే వచ్చిన చౌడేశ్వరి గోడ పట్టుకుంది.

హసీనా పుస్తకం వైపు చూడలేదు. మిషన్ పలక మీద పడిన కోతముక్కలను చూసింది. వేలెడు వెడల్పు కట్ట, ఇంకా చెదరలేదు. పేజీలు ఏ వరుసలో ఉంటే ముక్కలూ అదే వరుసలో పడతాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది. పై ముక్కలు లేచి పడుతున్నాయి.

"ఫ్యాన్ ఆపు. ఎవరూ కదలొద్దు."

"చెత్తకెందుకు వదినా ఇంత..."

"ఒక్క ముక్క ఎగిరినా ఆ కత్తి కింద నీ మీసం పెడతా!"

రెక్కలు ఆగేలోపే ఒక ముక్క జారి అన్సార్ చెప్పు కింద పడింది. రెండోది జారబోతుంటే హసీనా అరచేతులతో కట్టను నొక్కి పట్టింది. ఊపిరి వదలడానికి కూడా తల పక్కకు తిప్పుకుంది.

"పుస్తకం పంపింది నేనే," అంది చౌడేశ్వరితో. "వాణ్ణేమనొద్దమ్మా. రేపంతా నా పక్కన కూచో."

గురువారం పొద్దున్నుంచీ చౌడేశ్వరి పేజీలో మిగిలిన సగం మాట చదివింది, హసీనా ముక్కలో మిగతా సగం చూసి పల్చటి కాగితంతో అతికించింది. ఆఖరున చెప్పు గుర్తు పడిన ముక్క మిగిలింది. అది మొదటి పేజీది, కవయిత్రి పుట్టిన ఊరు రాసింది. దాన్నీ తుడిచి అతికించింది.

శుక్రవారం బస్సు వేళకు పుస్తకం మూతపడలేదు. అతికిన వైపు ఉబ్బి నిలబడింది. హసీనా గుడ్డపట్టీతో కట్టి చేతికిచ్చింది.

"చూపుకు బాలేదమ్మా," అంది. "చదవనీకి వస్తాది."