రెండు గంటలు వెనకబడే టైమర్

మా మామయ్య నాతో నేరుగా అన్న మొదటి మాట, "ఎన్ని వాట్లదని అడుగుతుండా?" అన్నది. అదీ ఫోన్లో. అప్పటికి మా పెళ్లయి ఎనిమిది నెలలు.

మాది రిజిస్టర్ పెళ్లి. నేను ఉప్పల్‌లో పెరిగిన క్రైస్తవుల పిల్లను. మావారిది నాచారంలో పాత కాపురం. ఒకప్పుడు పొలాలుండి, అవి ఫ్యాక్టరీ షెడ్లయ్యాక ఆ షెడ్లలోనే ఉద్యోగాలకు కుదురుకున్న ఇల్లు. మామయ్య అక్కడే ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పెళ్లికి అడ్డం చెప్పలేదు, పెళ్లికి రానూ లేదు. మేం ఉప్పల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. అత్తమ్మ మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాక, ఆమెకు సాయంగా ఉందామని మావారు నన్ను నాచారం తీసుకెళ్లారు.

మామయ్య రావద్దనలేదు. నాకు చెప్పాల్సినవి మాత్రం అత్తమ్మకు చెప్పేవారు, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే. "పాలు పొంగుతున్నయని చెప్పు" అనేవారు. అత్తమ్మ నా వైపు తిరిగి, "పాలు పొంగుతున్నయంట బిడ్డా" అనేది. ముగ్గురం పొయ్యి ముందరే ఉండేవాళ్లం.

అవి కరెంటు కోతల రోజులు. మా వీధికి పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఉండేది కాదు. నేను హబ్సిగూడలో ఒక బడిలో టీచర్‌ని, ఏడింటికల్లా గడప దాటాలి. ఆలోపు అత్తమ్మ చేతికట్టు తడవకుండా పాలిథిన్ కవరు చుట్టి స్నానం చేయించాలి. మొదట్లో నీళ్లు గ్యాస్ మీద కాచి మోసేదాన్ని. ఒకరోజు గిన్నె తొణికి పాదం మీద బొబ్బలెక్కాయి. ఇక గీజరే దిక్కయింది. మావారికి చర్లపల్లిలో నైట్ షిఫ్టు. మామయ్య ఏ కాలమైనా చన్నీళ్లు పోసుకుని ఐదున్నరకే డ్యూటీకి వెళ్లిపోయేవారు. కాబట్టి ఐదింటికి లేచి గీజర్ స్విచ్చి వేసే పని నాది.

ఒకరోజు లేచేసరికి ఆరుకు పది నిమిషాలే ఉంది. స్విచ్చి వేశాను. నీళ్లు కాస్త గోరువెచ్చనయ్యాయో లేదో కరెంటు పోయింది. ఆ నీళ్లతోనే అత్తమ్మకు స్నానం కానిచ్చి, హడావుడిగా బస్సెక్కాను. స్విచ్చి తీయడం మరిచిపోయాను. ఎనిమిదికి కరెంటు వచ్చింది. నీళ్లు కాగగానే దానంతటదే ఆగాల్సిన థర్మోస్టాట్ అప్పటికే మొండికేసి ఉంది. మామయ్య షిఫ్టు దిగి రెండున్నరకు వచ్చేదాకా అది మరుగుతూనే ఉంది.

సాయంత్రం నేను బట్టలు మడత పెడుతుంటే పక్కగదిలో ఆయన కొడుకుతో అంటున్నారు. "పొద్దంత గీజర్ నడిసింది. ఇంట్ల నువ్వు పండుకొని ఉన్నవ్, మీ అమ్మ ఉన్నది. పేలితే ఏంది పరిస్థితి? జర జెప్పు ఆమెకు."

తప్పు నాదే. కానీ నన్ను పిలిచి, నా మొహం చూసి తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ ఇంట్లో నాకు తిట్లు కూడా నేరుగా రావా అని ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన థర్మోస్టాట్ మార్చారు. నేను బడి నుంచి తిన్నగా ఉప్పల్ చౌరస్తా దగ్గర ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి, గీజర్‌కు టైమర్ కావాలన్నాను. షాపాయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి గుండ్రటి డయల్‌ది, అంచు చుట్టూ చిన్న చిన్న పుల్లలు. ఒక్కో పుల్ల నొక్కితే పావుగంట నడుస్తుంది. రెండోది అంకెలు కనబడే డిజిటల్‌ది.

"మీ గీజర్ ఎన్ని వాట్లదమ్మా?" అని అడిగాడు.

నాకు తెలియదు. మావారికి చేస్తే ఎత్తలేదు, నిద్రలో ఉన్నట్టున్నారు. ఇంటి ల్యాండ్‌లైన్‌కు చేశాను. మామయ్య ఎత్తారు.

"నేను మామయ్యా... టైమర్ కొందామని వచ్చాను. షాపాయన ఏదో అడుగుతున్నాడు."

పెట్టేస్తారేమో అనుకున్నాను.

"ఎన్ని వాట్లదని అడుగుతుండా?"

"అవును."

"రెండు వేలు. పదహారు ఆంపుల టైమర్ ఇయ్యమను. ఆరు ఆంపులది ఇస్తే వద్దను, మాడిపోతది. ఇంకోటి, డయల్‌ది తీసుకోకు. కరెంటు పోతే అది గూడ నిలబడ్తది. బ్యాటరీ ఉన్నది సూడు." ఆఖర్న, "చీకటైతున్నది, జల్ది రా" అని పెట్టేశారు.

ఎనిమిది నెలల్లో నాకు దక్కని మాటలన్నీ ఒకేసారి వచ్చినట్టయింది. తీరా చూస్తే, షాపులో ఉన్న డిజిటల్ టైమర్లు ఆరు ఆంపులవే. పదహారుది డయల్ రకంలోనే ఉంది. వట్టి చేతులతో వెళ్లాలనిపించక అదే కొన్నాను.

ఆదివారం ఆయన దాన్ని గోడకు బిగించారు. బిగించి, అత్తమ్మను పిలవకుండా నాకే చూపించారు. "సూడు. రెండు గంటలు కరెంటు పోతే ఇది రెండు గంటలు ఎనుకబడ్తది. కరెంటు వచ్చినంక ముందుకు తిప్పాలె. ఎనుకకు తిప్పితే లోపలి చక్రం పండ్లు ఇరుగుతయి. పొద్దుటి కోతది నేనొచ్చి తిప్పుత. సాయంత్రంది నువ్వు."

రెండ్రోజులు బాగానే జరిగింది. మూడోరోజు డయల్ మీది గంట చూసుకోకుండా, ఆయన తిప్పలేదేమోనని నేను నాలుగు గంటలు తిప్పేశాను. అప్పటికే తిప్పారట. మర్నాడు నీళ్లు తెల్లవారుజామున ఎప్పుడో కాగి, అత్తమ్మ స్నానానికి చల్లారిపోయాయి. ఆ సాయంత్రం బాత్రూం తలుపు మీద పాత క్యాలెండర్ కాగితం ఒకటి అంటించి ఉంది, దారంతో పెన్ను కట్టి. పైన ఆయన అక్షరాలు, "తిప్పిన." కింద నేను రాశాను, "తిప్పాను."

అలా మొదలైంది. కొన్నాళ్లకు ఆ కాగితం మీద టైమర్ ఒక్కటే లేదు. "తిప్పిన. టమాటలు తెచ్చిన." "తిప్పాను. అత్తమ్మ మందు అయిపోవచ్చింది." "తిప్పిన. మందు తెచ్చిన. సింకు కింద పైపు కారుతుండె, కట్టిన." ఒకరోజు నేను కాస్త పొడుగ్గా రాస్తే కింద, "గిట్ల రాస్తే నా కండ్లద్దాలు మార్చాలె" అని ఉంది. బాత్రూం ముందు నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నోటితో మాత్రం ఇంకా పెద్దగా మాటల్లేవు. కాగితం మీద మేం బాగానే ఉండేవాళ్లం.

డిసెంబరు వచ్చింది. అత్తమ్మ కట్టు విప్పారు. క్రిస్మస్ రోజు ఉప్పల్‌లో మా చర్చిలో తెల్లవారి ఐదింటికి తొలి ఆరాధన. చిన్నప్పటి నుంచి ఒక్క ఏడాదీ మానలేదు. మావారికి ఆ రోజు డ్యూటీ ఉంది. ఆటోలో వెళ్తానని అత్తమ్మకు చెప్పి, ముందురోజు సాయంత్రం పుల్లలు మార్చి, కాగితం మీద "రేపు మూడు ముప్పావుకు పెట్టాను" అని మాత్రం రాశాను. కారణం రాయలేదు.

నాలుగింటికి లేచి చూస్తే బాత్రూంలో లైటు వెలుగుతోంది. మామయ్య తలకు మఫ్లర్ చుట్టుకుని, స్టూలెక్కి డయల్ తిప్పుతున్నారు.

"నడుమల గంటసేపు కరెంటు పోయి వచ్చింది" అన్నారు, నా వైపు తిరగకుండానే. "దీని లెక్కల ఇంక మూడే అయింది. ఇప్పుడే ముందుకు తిప్పిన. పావుగంటల కాగుతయి, ఆగు."

కరెంటు పోయిందని ఆయనకెలా తెలిసింది? అంటే దానికోసం లేచి చూసుకున్నారన్నమాట.

స్నానం చేసి, చీర కట్టుకుని బయటికొచ్చేసరికి గేటు బయట స్కూటర్ స్టార్ట్ చేసి ఉంది. "గింత చలిల ఆటో ఎక్కడ దొరుకుతది? ఇయ్యాల నాకు సెలవే, కూసో" అన్నారు.

దారంతా చలిగాలికి ఆయన మఫ్లర్ కొస నా మొహానికి తగులుతూ ఉంది. చర్చి దగ్గర దింపి వెళ్లిపోతారనుకున్నాను. పాటల మధ్యలో వెనక్కి తిరిగి చూస్తే, గుమ్మం అవతల చెప్పుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అయిపోయేదాకా అలాగే ఉన్నారు. ఎవరో పెద్దాయన చెయ్యి కలిపి కేకు ముక్క ఇస్తే, తినకుండా రుమాలులో చుట్టుకున్నారు, అత్తమ్మకని.

స్కూటర్ దగ్గరికి వచ్చాక, ఎలా ఉందని అడిగాను, కాస్త భయంగానే.

"పాటలు మంచిగ పాడుతరు" అన్నారు. "గని ఆ మైకుల బుయ్యిమని సప్పుడొస్తున్నది. ఎర్తింగ్ సక్కగ లేదు. గట్లుంటే ఎవరికన్న షాక్ కొడ్తది."

ఆ తర్వాతి ఆదివారం టెస్టరూ, రాగితీగా పట్టుకుని మళ్లీ వచ్చారు. సగం రోజు కూర్చుని ఎర్తింగ్ సరిచేశారు. మా చర్చివాళ్లు భోజనం పెట్టారు. నేను వడ్డిస్తుంటే అందరి ముందు, "ఇంకింత చారు పొయ్యి బిడ్డా" అన్నారు.

ఏడాదో రెండేళ్లో గడిచాక కోతలు తగ్గాయి, తర్వాత పూర్తిగా పోయాయి. డయల్ వెనకబడటం మానేసింది. తిప్పే పని లేకపోయేసరికి కాగితం రాయడం కూడా ఆగింది. కోతల్ని అంతగా తిట్టుకున్న నేనే, బడి నుంచి రాగానే అలవాటుగా ఆ తలుపు వైపు చూసి, ఏమీ లేక, ఏదో పోగొట్టుకున్నట్టు కాసేపు నిలబడేదాన్ని.

మామయ్య రిటైరయ్యారు. ఇప్పుడు మా డాబా మీద సోలార్ హీటర్ ఉంది. మబ్బు పట్టిన రోజు నేను స్టాఫ్‌రూంలో ఉండగానే ఫోన్ మోగుతుంది. "ఏం బిడ్డా, ఇయ్యాల ఎండ లేదు, నీళ్లు కాగలె. నేను చెప్పిన్నా లేదా ఆ పొద్దే, గీజరే నయమని?" అని మొదలుపెడతారు. అక్కడి నుంచి వోల్టేజీ, పక్కింటి వాళ్ల బోరు మోటారు, అత్తమ్మ చేసిన కూరలో ఉప్పు. నా ముందు దిద్దాల్సిన నోటుపుస్తకాలు అలాగే ఉంటాయి. నేను మాత్రం పెట్టేయను.