అట్ట మార్చే సూది

ధర్మవరంలో పట్టుచీరలమ్మే అమర్‌నాథ్ కనురెప్పల మీద పసుప్పచ్చటి కొవ్వు బుడిపెలున్నాయి. వాళ్ళ నాయనకూ అవే ఉండేవి. నలభై రెండేళ్ళకే గుండెపోటుతో పోయాడు. అమర్‌నాథ్‌కిప్పుడు నలభై ఒకటి. డాక్టరు రాసిచ్చిన కొలెస్ట్రాల్ మాత్ర ముట్టడు. లివర్ చెడిపోతుందట! ఇంకా కొద్దిమంది మీదే పరీక్షిస్తున్న జన్యుచికిత్స మీద మాత్రం ఎక్కడలేని నమ్మకం. పదేళ్ళ తర్వాత ఏమవుతుందో కనిపెట్టినవాళ్ళకే తెలియదు, ఈయనకు తెలుసు. దుకాణానికి ఎవరొచ్చినా చీర మడత విప్పకముందే ఫోన్లో ఆ చికిత్స వీడియో పెడతాడు.

మొన్న చీర నేసి తెచ్చిన కుళ్ళాయమ్మకూ చూపించాడు. "మగ్గానికి డిజైను అట్ట మార్చినట్లే అవ్వా. ఒక్క సూది ఏస్తే మా వంశంలో ఉండే రోగమే మారిపోతాది."

"అట్ట మారిస్తే ముందర నేసింది మారతాదా అప్పా? నీది సగం చీర అయిపోయిండాది," అంది ముసలామె. పక్కన కూర్చున్న అతని తొమ్మిదేళ్ళ కూతుర్ని చూసింది. "ఈ పాపది ఇప్పుడే మొదలైన నేత. దీనికైనా రక్తం పరీక్ష చేయించు."

"ఆ సూది రానీలే, ఇద్దరం ఒకేసారి ఏయించుకుంటాం," అని నవ్వి, అమర్‌నాథ్ తను తింటున్న బోండాల పొట్లంలోంచి రెండోది తీసి కూతురి చేతిలో పెట్టాడు.