మార్తమ్మ గదికి లాగిన వైరు

2022 ఎండాకాలం. బత్తలపల్లెలో ధర్మవరం రోడ్డు మీద మా డిష్ అంగడి. నేనూ మా ఆయనా కలిసి నడుపుతాం. ఆయనకు నడుము నొప్పి పట్టుకున్నప్పటి నుంచి మిద్దెలెక్కే పని నాది, అంగట్లో కూర్చునే పని ఆయనది. మొదట్లో "ఆడమనిషి మిద్దెక్కేదేంది" అని నవ్వినవాళ్ళు కూడా, మ్యాచ్ ఉన్న రోజు గాలికి డిష్ తిరిగిపోతే నాకే ఫోన్ చేస్తారు. ఊళ్ళో నా పేరు డిష్ నసీమా.

ఒకప్పుడు మా పని సులువు. మిద్దె మీద డిష్, దాని నుంచి కిందికి ఒక వైరు, ఒక పెట్టె, ఒక టీవీ. ఇప్పుడు కొన్ని ఇళ్ళల్లో కొత్త పద్ధతి వచ్చింది. డిష్ నుంచి వచ్చే సిగ్నల్‌ను ఒక పెట్టె అందుకుని ఇంట్లోని వైఫైలోకి పంపుతుంది. దాన్ని సర్వర్ అంటాం. ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉన్నా, టీవీలోనో ఫోన్‌లోనో తమకు కావలసిన ఛానెల్ పెట్టుకోవచ్చు. నడిచినంత కాలం బాగుంటుంది. చెడితే మాత్రం, తప్పు మిద్దె మీద ఉందో, పెట్టెలో ఉందో, మధ్యలో గాలిలో ఉందో మేం వెతుక్కోవాలి.

అలాంటి సర్వర్ పెట్టించుకున్న మొదటివాళ్ళలో యోహానన్న ఒకడు. ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఆయనది. పెట్టె బిగించింది నేను కాదు, టౌను నుంచి వచ్చిన ఇంకొకాయన. ఒకరోజు మధ్యాహ్నం యోహానన్న నాకు ఫోన్ చేశాడు.

"నసీమా, ఒకసారి ఇంటికాడికి రా. రిపేరేం లేదు. టీవీ బాగానే వస్తాండాది. బాగుండాదని మా చెల్లెలికి ఒక మాట చెప్పి పో."

"బాగుంటే నేనెందుకన్నా?"

"ఆయమ్మ ఒప్పుకోదు. బిగించినాయప్ప మళ్ళా వచ్చి చూసినాడు. ఏం లేదన్నాడు. ఈమెకు మొండి. ఇంట్లో మమ్మల్ని టీవీ చూడనీకుండా చేస్తాండాది."

ఆయన చెల్లెలు మార్తమ్మ నాకు తెలుసు. నా జాకెట్లు కుట్టేది ఆమే. పుట్టినప్పటి నుంచి చెవులు వినపడవు. చిన్నప్పుడు టౌనులో వినపడని పిల్లల బడిలో, హాస్టల్లో ఉండి పది దాకా చదివింది. సైగల భాష అక్కడే నేర్చుకుంది. తిరిగొచ్చాక తల్లి ఏలీషమ్మకు కొంత నేర్పింది. ఊళ్ళో ఇంకెవరికీ రాదు. ఎవరైనా కొలతలు ఇవ్వడానికి వస్తే ఫోన్‌లో టైపు చేసి చూపిస్తుంది. పని నచ్చకపోతే వెనక్కి తెచ్చినవాళ్ళతో టైపు చేసే పోట్లాడుతుంది కూడా.

ఆమెకు రోజూ సాయంత్రం ఒక అలవాటు. ఉచితంగా వచ్చే ఒక ఛానెల్‌లో ఆ వేళకు హిందీ వార్తలు వస్తాయి. తెర మూలన చిన్న గుండ్రటి గీతలో ఒకామె నిలబడి ఆ వార్తలన్నీ సైగల్లో చెబుతుంది. మార్తమ్మతో సైగల భాషలో తడుముకోకుండా మాట్లాడే మనిషి రోజు మొత్తం మీద తెర మీది ఆమె ఒక్కతే.

కొత్త పెట్టె వచ్చాక యోహానన్న హాల్లోకి పెద్ద టీవీ కొన్నాడు. పాత స్మార్ట్ టీవీని పెరట్లో ఉన్న కుట్టుగదికి పంపి, "నీ టీవీ నీకు, మా టీవీ మాకు" అన్నాడు. కొన్నాళ్ళు మార్తమ్మ అక్కడే చూసింది. తర్వాత వార్తల వేళకు నేరుగా హాల్లోకి వచ్చి, ఛానెల్ మార్చి, రిమోట్ నడుముకు దోపుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మ్యాచ్ మంచి పట్టులో ఉన్నా సరే. అన్న ఎదురుగా వచ్చి చేతులూపితే ముఖం పక్కకు తిప్పుకునేది. ఆమె చూడకపోతే ఆమెతో పోట్లాడటం ఎవరి తరమూ కాదు.

నేను వెళ్ళేసరికి యోహానన్న గడపలోనే ఉన్నాడు. నన్ను కుట్టుగదికి తీసుకెళ్ళి టీవీ పెట్టి, రిమోట్ నా చేతికిచ్చాడు. ఏదో వంట కార్యక్రమం వస్తోంది. మాట ఖంగుమని వినిపిస్తోంది. ఎక్కడా తెగడం లేదు.

"చూసినావా? ఏమన్నా లోటుండాదా?" అన్నాడు.

నాకూ లోటేం కనపడలేదు. మార్తమ్మ మిషను మీద నుంచి లేచి వచ్చింది. నా చేతిలోంచి రిమోట్ తీసుకుని, పొద్దున వార్తలు మళ్ళీ వేస్తున్న ఛానెల్ పెట్టింది. మూలన గుండ్రటి గీతలో ఉన్న ఆమెను వేలితో చూపించింది. తర్వాత మ్యూట్ నొక్కింది.

శబ్దం ఆగిపోగానే నా కళ్ళు తెరుచుకున్నాయి. మూలన ఉన్న ఆమె చేతులు చేతుల్లా లేవు. వేళ్ళన్నీ కలిసిపోయి పిండిముద్దలా ఉన్నాయి. చెయ్యి ఛాతీ దగ్గర ఉన్నది ఒక్కసారిగా భుజం దగ్గర తేలుతోంది. ఆ రెంటి మధ్య కదలిక కనపడటం లేదు. ఇందాక మాట వింటున్నంతసేపూ బొమ్మ ఇంత చెడిందని నా కంట పడలేదు.

మార్తమ్మ ఫోన్‌లో టైపు చేసి నా ముఖం ముందు పెట్టింది: "మీకు మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తే బాగుందని ఒప్పుకుంటారా?"

అదే ఫోన్‌ను అన్నకు చూపించింది. యోహానన్న చదివి, "అది కాదు నసీమా, యాడో మూలన ఉండే చిన్న బొమ్మకు ఇంత రాద్ధాంతమా?" అన్నాడు.

"అన్నా, ఆ చిన్న బొమ్మే ఆమెకు టీవీ" అన్నాను.

పని మొదలుపెట్టాను. ముందు మిద్దె ఎక్కాను. ఎండకు బండలు కాలుతున్నాయి. డిష్‌కు మీటర్ తగిలించి చూశాను. సిగ్నల్ ఎంత బలంగా ఉంది, ఎంత శుభ్రంగా ఉంది అని అది రెండు లెక్కలు చూపిస్తుంది. రెండూ బాగున్నాయి. కిందికి దిగి హాల్లో పెద్ద టీవీలో అదే ఛానెల్ పెట్టాను. అక్కడ సైగలు చెప్పే ఆమె వేలి ఉంగరం కూడా కనిపిస్తోంది. అంటే మిద్దె మీద తప్పు లేదు, సర్వర్ పెట్టె చెడిపోలేదు. తప్పు హాలుకూ కుట్టుగదికీ మధ్యలో ఉంది.

సర్వర్ సెట్టింగులు తెరిచాను. కుట్టుగది టీవీకి మాత్రం బొమ్మను పూర్తిగా పంపకుండా, కుదించి పంపేలా పెట్టి ఉంది. దీన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. వైఫై బలహీనంగా ఉన్నచోట బొమ్మలోంచి కొంత తీసేసి, కదలికల్లోంచి కొంత తీసేసి, మిగిలింది పంపడం. మాటను మాత్రం ముట్టుకోరు. మాట తెగితే గిరాకీ వెంటనే ఫోన్ చేస్తాడు. బొమ్మ కాస్త మసకబారితే ఎవరూ చేయరు.

బిగించినాయనకు ఫోన్ చేశాను.

"అవునక్కా, నేనే తగ్గించి పెట్టినా. ఫుల్లు పెడితే ఆ గదిలో నిలిచిపోతాండాది" అన్నాడు.

"ఆ మాట వీళ్ళకు చెప్పల్లేదేమప్పా?"

"చెవిటామె కదా అక్కా. బొమ్మ కదిలితే చాల్లే అనుకున్నా."

"వినపడనామెకు బొమ్మ గాకుండా ఇంకేముంటుందప్పా?" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

కుదింపు తీసేసి పూర్తి బొమ్మ పంపాను. ఆయన చెప్పింది నిజమే. కాసేపు అద్దంలా వచ్చి, నిలిచిపోయి, తెర మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. వరండాలో రిపీటర్ ఉంది. వైఫైని అందుకుని ముందుకు పంపే చిన్న పెట్టె అది. దాన్ని కిటికీలో పెట్టి చూశాను, పెరటి స్తంభానికి కట్టి చూశాను. లాభం లేదు. ఆ కుట్టుగది ఒకప్పుడు గొర్రెల కొట్టం. మూర మందాన రాతిగోడలు, పైన రేకులు. మా వైపు పాత కట్టడాలన్నీ ఇంతే. ఎండకు బాగుంటాయి, వైఫైకి శత్రువులు.

ఇక ఒకటే దారి. గాలిని నమ్ముకోకుండా, హాల్లో సర్వర్ నుంచి కుట్టుగది దాకా నెట్‌వర్క్ వైరు లాగాలి. దానికి హాలు వెనక గోడకు ఒక రంధ్రం పెట్టాలి. లోపల కరెంటు వైర్లు లేని చోటు చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. అది చూసి యోహానన్న అడ్డం వచ్చాడు.

"ఈడ తూటు పడనియ్యను. మొన్ననే లప్పం పెట్టి రంగు ఏయించినా."

"వైరు పోకుంటే ఆ గదిలో టీవీ రాదన్నా."

"వస్తాండాది గదా! ఇందాక నువ్వే ఇన్నావు. ఆయప్ప పెట్టినట్లే మళ్ళా పెట్టి, బాగుండాదని చెప్పి పో. నిన్ను పిలిచింది నేను, ఆమె కాదు."

"పిలిచింది నువ్వే. చూసేది ఆమె. బాగుండాదో లేదో ఆమె చెప్పల్ల. నేను చెప్పేది లేదు, నువ్వు చెప్పేది లేదు."

"అయితే సామాను సర్దుకో."

నేను సర్దుకోలేదు. సర్వర్ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా మిద్దెలెక్కుతున్నాను. దిగిపొమ్మన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇది బాగుందని చెప్పి ఆ గడప దాటితే, రేపటి నుంచి మార్తమ్మ మాట ఆ ఇంట్లో ఎవరూ వినరు. డిష్ నసీమా కూడా చూసి ఏం లేదన్నదని తేల్చేస్తారు.

మార్తమ్మ గుమ్మంలో నిలబడి మా ఇద్దరి ముఖాలూ చూస్తోంది. తల్లిని చెయ్యి పట్టుకుని ఏమైందని అడిగింది. ఏలీషమ్మ సైగలతో చెప్పింది. మార్తమ్మ గోడ మీది గుర్తు చూసింది. నా సంచిలో డ్రిల్లు చూసింది. నేరుగా వచ్చి దాన్ని తీసుకుని, ప్లగ్గు పెట్టి, గుర్తు మీద ఆనించింది. ఎలా పట్టుకోవాలన్నట్టు నా వైపు చూసింది. నేను లేచి ఆమె మోచేతిని సరిచేశాను.

డ్రిల్లు మొదలైంది. వెనక యోహానన్న అరుస్తున్నాడు. "ఆపు! ఆపమని చెప్పండే! అమ్మా, నువ్వన్నా చెప్పు!" ఇంట్లో అందరికీ వినిపిస్తోంది, వినిపించాల్సిన మనిషికి తప్ప. ఆమె వీపు అటు తిప్పి ఉంది. లప్పం పొడి ఆమె జుట్టు మీద రాలుతోంది. ఏలీషమ్మ కదల్లేదు.

"నేను చెప్పను. ఆ బిడ్డ ఎన్ని దినాల నుంచి చెప్తాండాదో నువ్వు ఇన్నావా?" అంది కొడుకుతో.

డ్రిల్లు ఆ పక్కకు తేలేసరికి యోహానన్న అరవడం మానేసి షెడ్డుకు వెళ్ళిపోయాడు.

మిగిలింది నా పని. రంధ్రంలోంచి వైరు తీసి, ప్రహరీ గోడ వెంట పైపులో వేసి, రేకుల కింద నుంచి కుట్టుగదిలోకి దించాను. కొనలకు జాక్‌లు బిగించి టీవీకి పెట్టాను. పూర్తి బొమ్మ వచ్చింది. చాలాసేపు చూశాను. చక్రం తిరగలేదు. అయినా బాగుందన్న మాట నా నోట రానివ్వలేదు. సాయంత్రం వార్తల దాకా ఉంటానని ఏలీషమ్మకు చెప్పి, టీ తాగి కూర్చున్నాను.

వార్తలు మొదలయ్యాయి. ఆ ఇంట్లో హిందీ ఎవరికీ రాదు. నాకు ఉర్దూ ఉంది కాబట్టి అర్థమవుతుంది. సైగలు మాత్రం నాకు రావు. మార్తమ్మ తెర మీద కన్ను తీయకుండా తల్లికి చేతులతో చెబుతోంది. తల్లి నాకు తెలుగులో చెబుతోంది.

"ఉల్లిగడ్డల ధర పడిపోయిందంట. రైతులు రోడ్డు మీద పోసినారంట."

టీవీలో చెప్పిందీ అదే.

"యాడో వంతెన కూలిపోయిందంట. ఎవరికీ దెబ్బలు తగల్లేదంట."

అదీ సరిపోయింది. నేను చెవులతో విన్న హిందీ, ఆమె కళ్ళతో చూసిన సైగలు, ఏలీషమ్మ నోట తెలుగై వచ్చి ఒకదానికొకటి అతుకుతున్నాయి. సిగ్నల్ చూడటానికి నా దగ్గర మీటర్లున్నాయి. అంత నమ్మకమైన మీటర్ మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు.

వార్తల మధ్యలో యోహానన్న షెడ్డు నుంచి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. చేతులకింకా గ్రీజు ఉంది. తెర మీద వర్షాల మ్యాపు వస్తోంది. కాసేపు నిలబడి చూసి, ఉండబట్టలేక తల్లిని అడిగాడు.

"వాన గురించి ఏమంటాండారు?"

ఏలీషమ్మ చెప్పలేదు. కూతురి వైపు చూపించి, "ఆమెనడుగు" అంది.

ఆయనకు ఎలా అడగాలో తెలియలేదు. నలభై ఏళ్ళ మనిషి, ఒకే ఇంట్లో పెరిగినవాడు, చెయ్యి పైకెత్తి, వేళ్ళు కిందికి ఆడించి వాన అన్నట్టు చేశాడు. మార్తమ్మ చూసింది. ముఖం తిప్పుకోలేదు. నవ్వనూ లేదు. ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ళు సరిగ్గా పెట్టి, వానకు సైగ అలా కాదు, ఇలా అని చూపించింది. ఆయన మళ్ళీ చేశాడు. అప్పుడు సైగలతో జవాబు చెప్పింది, ఏలీషమ్మ దాన్ని తెలుగులో అందించింది: ఈ వారం మనకు లేదు.

ఇప్పుడు నేను ఏ ఇంట్లో పని చేసినా, చివర్లో మ్యూట్ నొక్కి కాసేపు చూస్తాను. "ఏమక్కా, సౌండ్ పాయనా?" అని గాబరా పడతారు. పోలేదు, బొమ్మను చూస్తున్నానని చెబుతాను. తర్వాత రిమోట్ ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టి, ఈ టీవీ రోజూ చూసేది ఎవరని అడిగి, వాళ్ళను పిలిపిస్తాను. ముసలామె కావచ్చు, మంచం మీది మనిషి కావచ్చు. వాళ్ళు వచ్చి చూసి బాగుందనాలి. ఇంటి పెద్ద ఎంత తొందరపెట్టినా, అంతదాకా నేను చెప్పులేసుకోను.