కమ్మరి చెయ్యి తలుపు మీద పడ్డాక

మా ఆయనకి సినిమా చూడటం కన్నా, చూసిన సినిమా ఇంకొకరికి చెప్పడం ఇష్టం. చెప్పడమంటే నాలుగు ముక్కల్లో తేల్చడం కాదు. టైటిల్స్ దగ్గర ఎత్తుకుని, ఫైట్లు చేతుల్తో చూపించి, వెనక వాయిద్యాలన్నీ నోటితో వాయించి మరీ చెప్పేవారు. చిన్నప్పుడు వాళ్ళింట్లో హాలుకి వెళ్ళొచ్చినవాళ్ళు మిగతా ఇంటిల్లిపాదికీ కథంతా చెప్పాలట. సగంలో ఇంటర్వెల్ ఇవ్వాలి, టీ రావాలి. టీ పడితే గానీ సెకండాఫ్ మొదలవదు. ఆ అలవాటుని ఆయన సూట్‌కేస్‌లో పెట్టుకుని అమెరికాలో ఈ హెర్న్‌డన్ ఊరి దాకా తెచ్చారు.

మేం అమెరికా వచ్చిన మొదటి చలికాలం, మంచు పడి ఇంట్లో ఇరుక్కుపోయినప్పుడు, ఆయన లైబ్రరీ నుంచి ఒక పాత ఇంగ్లీషు సినిమా డీవీడీ తెచ్చారు. ఐర్లండ్‌లో, యుద్ధం రోజుల్లో, సముద్రపొడ్డు పల్లెటూళ్ళో జరిగే ప్రేమకథ. ఆ ఊళ్ళో ఒక కమ్మరి ఉంటాడు, మాట తక్కువ మనిషి. ఓడ మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన శత్రుదేశపు నావికుణ్ణి అతని భార్య సముద్రపు నాచు ఆరబెట్టే కొట్టంలో దాస్తుంది. దాచినవాడి మీదే మనసు పడుతుంది. సిపాయిలు ఊరంతా గాలిస్తుంటారు. ఒకరోజు జోరువానలో కమ్మరి ఆ కొట్టం దాకా వచ్చి తలుపు మీద చెయ్యి వేస్తాడు. సరిగ్గా అక్కడ తెర మీద ఇంటర్వెల్ అని పడింది.

నేను అక్కడే నిద్రపోయాను. అప్పుడు మా అమ్మాయి కడుపులో ఉంది, కూర్చున్నచోటే కునుకు పట్టేసేది. లేచేసరికి సినిమా అయిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏమైందండీ అంటే, "తర్వాత చెప్తాలే" అన్నారు.

చెప్పారు, నాకు కాదు, ఊరందరికీ. ఎవరింట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ అయినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు "ఆ ఐర్లండ్ సినిమా చెప్పండి" అనేవారు. ఆ పల్లెటూరు ఆయన నోట మా గోదావరి పక్క ఊరైపోయేది, బురదతో, వానతో, పరాయి సంగతుల్లో తలదూర్చే జనంతో సహా. సినిమాలో లేని వానపాట ఒకటి పెట్టేవారు. ఆ పాట దగ్గర నల్గొండ స్నేహితుడొకాయన ప్రతిసారీ అడ్డం పడేవాడు. "అన్నా, గా చలిల పాట ఎట్ల పాడిండ్రే?"

"నా సినిమా, నా ఇష్టం" అనేవారు ఈయన. ఎవరేం అడ్డం చెప్పినా అదే జవాబు.

తర్వాత గొంతు తగ్గించి, "చెయ్యి… తలుపు మీద… వేశాడు. ఇంటర్వెల్! ఓయ్, టీ ఏదీ?" అనేవారు. ఓయ్ అంటే నేనే. అందరూ నవ్వుతుంటే నేను సణుక్కుంటూ వంటింట్లోకి. అంతమందికి టీ మరిగి, వడకట్టి, పట్టుకొచ్చేలోపు ఈయన ఆత్రం ఆగక సెకండాఫ్ సగం లాగించేసేవారు. నా చెవిన పడ్డది ముక్కలు ముక్కలుగానే. కమ్మరి లోపలికి చూసి, తలుపు మెల్లగా మూసేసి, ఎవరికీ చెప్పడు. మర్నాటి నుంచి ఆ గుమ్మం ముందు ఒక చెంబుడు పాలు, ఉడికిన బంగాళాదుంపలు పెట్టి పోతుంటాడు. భార్యకి తెలుసు పెట్టింది ఎవరో. అడగదు. అతనూ చెప్పడు. చివరికేమైందో మాత్రం ఎప్పుడూ పూర్తిగా వినలేదు. ఆయనెక్కడికి పోతారు, ఎప్పుడో వింటాంలే అనుకున్నాను.

ఈ ఏడాది మొదట్లో ఒక ఉదయం ఆయన ఇంట్లోంచే ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా స్ట్రోక్ వచ్చింది. ఆయన వంతు వచ్చింది, పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. అవతలివాళ్ళు "మ్యూట్‌లో ఉన్నావ్, మ్యూట్‌లో ఉన్నావ్" అని చెబుతూనే ఉన్నారట. నేను కాఫీ ఇద్దామని వెళ్తే లాప్‌టాప్‌లోంచి ఆ మాటే వినబడుతోంది. ఈయన కుర్చీలో ఒక పక్కకి ఒరిగి నా వంకే చూస్తున్నారు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రి నుంచి, నడకా మాటా మళ్ళీ నేర్పే రీహాబ్‌కి మార్చారు. మింగడం కష్టమని నీళ్ళలో కూడా ఏదో పొడి కలిపి గంజిలా చేసి చెంచాతో పోయాలన్నారు. పొగలు కక్కే టీ గ్లాసు కోసం ఇల్లెక్కి అరిచే మనిషికి గంజినీళ్ళు.

అక్కడ మాటలు నేర్పే అమ్మాయి, మంచి పిల్ల, నాకొక ఉపాయం చెప్పింది. బాగా అలవాటైన మాటల్ని సగంలో ఆపితే మిగతా సగం ఒక్కోసారి దానంతటదే బయటికి వస్తుందట. మెల్లగా, ప్రశాంతంగా మాట్లాడాలి, విసుక్కోకూడదు, పోట్లాడకూడదు అంది. పోట్లాటే మా కాపురం అని ఆ పిల్లకేం తెలుసు! అయినా తలూపాను. అంకెలు సగంలో ఆపాను. ఎక్కాలు ఆపాను. దేవుడి నామాలు ఆపాను. చివరికి ఐర్లండ్ సినిమా ఎత్తుకున్నాను. రోజూ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, నాది కాని మెత్తని గొంతుతో, కమ్మరిని కొట్టం దాకా నడిపించి, "చెయ్యి… తలుపు మీద… వేశాడు" అని ఆగేదాన్ని.

ఆయన చూసేవారు. కళ్ళలో ఏదో తెలిసేది. నోటి దాకా వచ్చేది కాదు. నేను మళ్ళీ నావ మునిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టేదాన్ని.

ఒకరోజు డాక్టర్లూ వాళ్ళూ చెప్పేశారు. శుక్రవారం కూర్చుని మాట్లాడుకుంటారట. మాటలో ఏ కాస్త మార్పూ కనబడకపోతే ఇక్కడ ఉంచరు, నర్సింగ్ హోమ్‌కి పంపేస్తారు. అక్కడ తిండీ పక్కా చూస్తారు గానీ మాట నేర్పడం దాదాపు ఉండదు. అంటే ఇక ఇంతే. నాకు చెప్పలేనంత భయం వేసింది. పార్కింగ్ లాట్‌లో కార్ స్టార్ట్ చేయడానికి చేతులు రాలేదు. ఈ దేశంలో నన్ను ఓయ్ అని పిలిచే మనిషి ఆయన ఒక్కరే. ఆ పిలుపు లేకపోతే ఆ ఇంట్లో నేనెవర్ని?

కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి, "అమ్మా, ఆ మూవీ స్ట్రీమింగ్‌లో ఉంది కదా. జస్ట్ చూసెయ్. సెకండ్ హాఫ్ కూడా డాడీకి చెప్పు" అంది.

"ఆ సెకండాఫ్ ఆయన చెప్తేనే వింటాను" అన్నాను.

"వాట్ ఇఫ్ హి కాంట్, అమ్మా?"

దాని మీద కయ్యిమన్నాను. అది ఏడుస్తూ పైకి వెళ్ళిపోయింది. కానీ మునిగేవాడికి గడ్డిపోచైనా దొరికితే చాలు. గురువారం పొద్దున్నే టీవీ పెట్టుకుని, ఇంటర్వెల్ దగ్గర్నుంచి చూశాను.

కమ్మరి తలుపు తీశాడు. లోపలికి చూశాడు. మూశాడు. అంతవరకే నిజం. అక్కణ్ణుంచి తిన్నగా సిపాయిల దగ్గరికి నడిచాడు. వాళ్ళు వచ్చి నావికుణ్ణి ఈడ్చుకెళ్ళి ఇసుకలో కాల్చేశారు. పాలూ లేవు, దుంపలూ లేవు. మిగతా సినిమా అంతా ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఒక్క మాట లేకుండా ముసలివాళ్ళు కావడమే. ఆవిడ రొట్టె పెడుతుంది, అతను తింటాడు. చివరిదాకా అంతే.

నేను సోఫాలో కూలబడి ఏడ్చాను. ఆ మూగ ఇల్లు నా ఇల్లే. ఆ వెనకే పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఊరందరి చెవుల్లో పువ్వులు పెట్టాడా ఈ మనిషి? నా చెవిలో కూడానా?

తల కూడా దువ్వుకోకుండా వెళ్ళాను. మంచం దగ్గర కుర్చీ కూడా లాక్కోలేదు.

"ఏవండీ, చూశాను మీ సినిమా! ఎక్కడండీ పాలు? ఎవడు పెట్టాడు దుంపలు? వాడు తిన్నగా పోయి సిపాయిలకి పట్టించేశాడు! ఇన్నేళ్ళు ఎన్ని అబద్ధాలు చెప్పారు! మీ అబద్ధాలకి నేను గ్లాసులు గ్లాసులు టీలు కాచి పోశానా? ఇప్పుడు నోరు మూసుకుని పడుకుంటే సరిపోతుందా? మాట్లాడరేం?"

నర్సు తెర పక్కకి తీసి తొంగిచూసింది. నాకు సిగ్గేసింది గానీ నోరు ఆగలేదు. ఇన్నాళ్ళూ రోగితో మాట్లాడాను. ఆ రోజు మొగుడితో పోట్లాడాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఎడమచెయ్యి దుప్పటి మీంచి లేచింది. గొంతులో ఏదో గురగురలాడింది.

"నా…" అన్నారు.

నేను మంచం మీదికి వంగాను.

"నా… ఇష్టం."

ఆ మాట కోసం మొక్కని దేవుడు లేడు. తీరా వినేసరికి ఆ ఎడమచెయ్యి పట్టుకుని మంచం మీదే కూర్చుండిపోయాను.

పరుగెత్తి మాటలు నేర్పే అమ్మాయిని పిలుచుకొచ్చాను. ఆమె అడిగింది, నేను అడిగాను, మళ్ళీ తిట్టాను, బతిమాలాను. పలకలేదు. శుక్రవారం కూడా అంతే. నేను విన్నానని వాళ్ళతో ఎంత చెప్పినా, జాలిగా చూశారు తప్ప ఎవరూ రాసుకోలేదు. వారం తిరక్కుండానే నర్సింగ్ హోమ్‌కి మార్చేశారు.

ఇప్పుడు రోజూ అక్కడికే వెళ్తున్నాను. ఫ్లాస్క్‌లో టీ పోసుకెళ్తాను. కమ్మరి చెయ్యి తలుపు మీద పడగానే ఆగుతాను. ఎప్పుడైనా "టీ" అంటారు. చాలా రోజులు ఏమీ అనరు. అన్నా అనకపోయినా, టీలో పొడి కలిపి చిక్కబరిచి చెంచాతో పోస్తాను. అప్పుడు సెకండాఫ్ నేనే చెప్తాను. కమ్మరి తలుపు మూసేస్తాడు, మర్నాడు గుమ్మం ముందు చెంబుడు పాలు పెడతాడు.

మొన్న మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని విన్నది. "అమ్మా, మూవీలో అలా లేదు కదా" అంది.

ఆయన వంక చూశాను. పెదవులు కదిలాయి. ఆగి ఆ మాట కోసం ఎదురుచూశాను. రాలేదు.

"మా సినిమా, మా ఇష్టం" అన్నాను దానితో.

ఆయన నోరు తెరిచారు. చెంచా అందించాను.