మూడో భాగం ముందు

మా పిన్నికి ఏదైనా సరే తిరగేసి చూడందే నమ్మకం కుదరదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా బట్టలు సరిచేసే దుకాణంలో పని చేస్తోంది. అంచులు మడుస్తుంది, నడుములు వదులు చేస్తుంది, చిరుగులు కనపడకుండా కుడుతుంది. చొక్కా చేతికిస్తే ముందు లోపలివైపు బయటికి తిప్పుతుంది. "పైకి అందరూ బాగానే కుడతారే. లోపల చూడు, ఎవడెంత దొంగో తెలుస్తుంది" అంటుంది.

జపాన్ సీరియళ్ళు ఎంచడంలోనూ ఇదే పద్ధతి. మొదటి భాగం ముట్టుకోదు. నేరుగా మూడో భాగం పెడుతుంది. మొదటిది ఇస్త్రీ చేసి కొట్టు ముందు వేలాడదీసిన చొక్కా అట. రెండోదాంట్లోనూ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకునే తీస్తారట. మూడోదానికి వచ్చేసరికి అసలు రంగు బయటపడుతుందట. అది నచ్చితేనే వెనక్కి వెళ్ళి మొదటినుంచి చూస్తుంది. దుకాణంలో ఆడవాళ్ళంతా నవ్వేవారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఎవరైనా నవ్వితే మాత్రం వాళ్ళతో తగువు పెట్టుకుంటాను.

ఇంతకీ తెలుగు మాటలతో వచ్చేవాటిల్లో జపాన్‌వే ఎందుకంటే, పదకొండు భాగాల్లో అయిపోతాయి కాబట్టి. "మామూలు సీరియల్లో కోడలు మెట్లు దిగడానికే నెల పడుతుంది. ఇవైతే నేను బతికుండగానే ముగింపు చూస్తాను" అనేది. ఆ మాటలో మెట్లు ఊరికే దొర్లాయి. అవే మా కొంప నిలబెడతాయని అప్పుడు ఎవరికి తెలుసు?

మా బాబాయి సిటీ బస్సు డ్రైవరు. డిపోలో ఆయన్ని జడ్జిగారు అంటారు. ఎవరికి ఎవరితో పేచీ వచ్చినా ఆయన దగ్గరికే తీసుకెళ్ళేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపి ఒక్కరికీ చిన్న గీతైనా పడనివ్వని మనిషి, బస్సులు కడిగేచోట సబ్బునీళ్ళ మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది. మనిషే కుర్చీకి అతుక్కుపోయాడు.

డిపోవాళ్ళు నాలుగు నెలలు గడువిచ్చారు. ఆలోపు పరీక్షలో నెగ్గాలి. చేతికర్ర లేకుండా నడవాలి, బస్సెక్కి డ్రైవరు సీట్లో కూర్చోవాలి, బ్రేకు గట్టిగా తొక్కాలి. నెగ్గకపోతే ఉద్యోగం పోదు కానీ స్టీరింగు పోతుంది. ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులూ సంచులూ దాచే గదిలో బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. "గొడుగులకి కాపలా కాయడం కంటే చావే నయం" అంటాడు బాబాయి. అంటాడు కానీ కుర్చీలోంచి లేవడు.

వ్యాయామం చేయించే డాక్టరమ్మ తలపట్టుకుంది. "ఎముకకేం కాలేదమ్మా. ఆయనకి భయం పట్టుకుంది. రోజూ మెట్లెక్కించండి, అదే మందు" అని పిన్నికి చెప్పింది. మెట్లకేం కొదవ? వాళ్ళది కింద ఇల్లు, నేను అద్దెకుండేది పైన గది. మధ్యలో పదిహేడు మెట్లు. బాబాయి వాటివైపు చూడను కూడా చూడలేదు. మొదటి నెల అలా గాలికి పోయింది.

అప్పుడు పిన్ని ఒక పొరపాటు చేసింది. ఆయన మనసు మళ్ళుతుందని బస్సు డ్రైవరు కథ ఉన్న జపాన్ సీరియల్ ఒకటి పెట్టింది. ఆత్రంలో మూడో భాగం చూడనేలేదు. అందులో డ్రైవరు కుర్రాడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, సముద్రంవైపు చూస్తూ, కన్నీళ్ళు పెట్టుకుంటూ బస్సు నడుపుతున్నాడు.

"చూపు రోడ్డు మీద లేదు! వెనక నలభై మంది ఉన్నారు! వీడికి లైసెన్సు ఇచ్చిన మహానుభావుడెవడు?" అని బాబాయి గట్టిగా అరిచాడు. మరుక్షణం టీవీ ఆపేసి, కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

వంటింట్లో పిన్ని చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నాది బుద్ధి తక్కువ. తిరగేసి చూడకుండా గుడ్డ కొన్నాను" అంది. అంతలోనే చెంగు వదిలేసి, "కానీ విన్నావా? నెలరోజుల తరవాత అరిచారే! తీర్పు చెప్పబోయి అరిచారు. ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నారు" అంది.

మర్నాటినుంచి దుకాణంలో పని ముగించుకుని నేరుగా నా గదికి వచ్చేది. ఒళ్ళో ఎవరిదో ప్యాంటు అంచు, ఎదురుగా నా కంప్యూటరు. వరసగా మూడో భాగాలు. ఆస్పత్రి కథ వచ్చింది. "మళ్ళీ ఆస్పత్రా, తియ్యి" అంది. ప్రేమకథ వచ్చింది. "వీళ్ళకి చెయ్యి పట్టుకోడానికే పదకొండు భాగాలూ చాలవు, తియ్యి" అంది. పోలీసు కథకైతే, "మీ బాబాయి పది నిమిషాల్లో దొంగని పట్టేసి నిద్రపోతారు" అంది. నాకు విసుగొచ్చింది. ఎనిమిది సీరియళ్ళు, ఎనిమిదీ మధ్యలోంచి! ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక నా బుర్ర వేడెక్కిపోయింది.

తొమ్మిదోది పెట్టాను. ఒక చిన్న ఊరి కోర్టులో రాజీలు కుదిర్చే ముసలాయన. మొదటి దృశ్యంలోనే, ఎదురుగా నిలబడ్డ అక్కచెల్లెళ్ళతో, "అద్దం పెద్దామెది, కుర్చీ చిన్నామెది. రేపట్నుంచి దుకాణం మాత్రం ఇద్దరూ కలిసే తెరవాలి" అన్నాడు. ఇద్దరూ భోరుమన్నారు. తరవాత ఇంకో తగువు మొదలైంది. భాగం చివర ముసలాయన తీర్పు చెప్పడానికి నోరు తెరిచాడు. అంతే, అయిపోయింది.

పిన్ని సూదితో సహా లేచి నిలబడింది. "ఏ దుకాణమే అది? అద్దం గొడవేంటి? రెండోది పెట్టు, తొందరగా!" నేను పెట్టబోయాను. "ఆగు" అంది ఉన్నట్టుండి. కళ్ళు మెరిశాయి. "తగువు ఒక భాగంలో, తీర్పు తరవాతి భాగంలో. నాకే ఇంత ఇదిగా ఉంటే జడ్జిగారికి ఎలా ఉంటుందే?"

ఆ శనివారం కింద హాల్లో మొదటి భాగం పెట్టింది. బాబాయి గోడవైపే కూర్చున్నాడు, చెవి మాత్రం ఇటుంది. తగువేంటంటే, ఒక ఇంటి పై అంతస్తులో ముసలామె తెల్లారకముందే చేతికర్ర టకటకలాడిస్తూ తిరుగుతుంది. కింద ఉండే బేకరీ పనివాడు రాత్రంతా పని చేసి వస్తాడు, అతనికి అదే నిద్రవేళ. ఎవరిది న్యాయం? సగంలో కుర్చీ ఇటు తిరిగింది. ముసలాయన నోరు తెరవగానే భాగం అయిపోయింది.

"కర్ర చివర రబ్బరు తొడిగితే పోయేదానికి కోర్టుకెందుకయ్యా!" అన్నాడు బాబాయి. "ఏమే, తరవాతది పెట్టు."

"అక్కడ వారానికి ఒకటేనండీ. వచ్చే శనివారం" అని అబద్ధమాడింది పిన్ని.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మేమిద్దరం టీవీని పైకి మోశాం. నా నడుము విరిగింది. బాబాయి బయటికొచ్చి ఖాళీ బల్ల చూసి చిందులు తొక్కాడు. "జబ్బుమనిషి దగ్గర టీవీ లాక్కుంటావా? లేచిన రోజున నీ మీద కేసు పెడతాను!"

"లేచాక పెట్టండి" అంది పిన్ని.

ఆయన తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. శనివారం వచ్చింది. బాబాయి చేతికర్రా, మెట్ల రెయిలింగూ పట్టుకుని నాలుగు మెట్లెక్కి కూలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. "ఏం తీర్పు చెప్పాడో అదన్నా చెప్పండే!" అని అక్కణ్ణుంచే అరిచాడు. నాకు ఏడుపొచ్చి పిన్ని మీద విరుచుకుపడ్డాను. "ఇదేం రాక్షసత్వం పిన్నీ?"

"మీ బాబాయి లేకుండా నేనూ చూడను, నువ్వూ చూడకు" అంది. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు. ఆమెకూ నిద్ర లేదని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు ఏడు మెట్లు. ఆ మర్నాడు మళ్ళీ ఏడే. తరవాత పది. బుధవారం మధ్యాహ్నం నా గది గుమ్మంలో కర్ర చప్పుడైంది. బాబాయి! రొప్పుతూ వచ్చి, నా మంచం మీద కూర్చుని, "పెట్టు" అన్నాడు. తీర్పు ఏంటంటే, ఇద్దరూ ఇళ్ళు మార్చుకోవాలి. బేకరీ అబ్బాయి పైకి, ముసలామె కిందికి.

"రబ్బరే నయం!" అని బాబాయి తొడ చరిచాడు. ఆపరేషనైన తొడే. అబ్బా అని మూలిగి, ఆ వెంటనే నవ్వాడు. రెండు నెలలకి చూశాం ఆ నవ్వు.

ఇక ఆగలేదు. నాలుగో భాగానికి రెయిలింగు వదిలేశాడు. ఏడో భాగానికి కర్ర కింద పెట్టి వచ్చాడు. కిందికి దిగినప్పుడల్లా పిన్నితో తగువు, మళ్ళీ ఎక్కినప్పుడల్లా ముసలాయనతో తగువు. పదింట ఆరు తీర్పులు తనవే మేలని లెక్క చెప్పేవాడు. పిన్ని ఒప్పుకునేది కాదు, మూడే అనేది. పదో భాగం అయ్యేసరికి పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది. ఈసారి తగువు ముసలాయన భార్యదే. నలభై ఏళ్ళుగా ఊరందరి మాటా విన్నావు, నా మాట ఎప్పుడు విన్నావని ఆవిడ నిలదీసింది. ముసలాయన నోరు తెరవనేలేదు. భాగం అయిపోయింది. బాబాయి టీవీ వదిలి పిన్నివైపు చూశాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. పరీక్ష రోజు నేనూ వెళ్ళాను. పిన్ని రానంది, భయం. బస్సెక్కి దిగమన్నాడు అధికారి, మూడుసార్లు. బాబాయి మూడుసార్లూ ఎక్కి దిగి, నాలుగోసారీ ఎక్కాడు. "చాలండీ" అన్నాడు అధికారి. "మా ఇంట్లో పదిహేడు మెట్లండీ, ఇక్కడ నాలుగే కదా" అన్నాడు బాబాయి. బ్రేకు తొక్కాడు. అధికారి కాయితం మీద సంతకం పెట్టేసరికి డిపో అంతా "జడ్జిగారూ!" అని ఒకటే కేక. డ్రైవర్లు ఒక్కసారిగా హారన్లు మోగించారు. నేను పిచ్చిదానిలా ఎగిరి గంతేశాను.

ఇంటికొచ్చి బాబాయి దేన్నీ పట్టుకోకుండా మెట్లన్నీ ఎక్కాడు. పిన్ని నా గదిలో టీవీ ముందు కూర్చుని ఉంది, టీవీ పెట్టలేదు. ఆయన మొహం చూడగానే ఆమెకి అర్థమైంది. లేవబోయింది.

"కూర్చో. కేసు పెడతానన్నానుగా" అన్నాడు బాబాయి. "జబ్బుమనిషి టీవీ ఎత్తుకుపోయావు. నేరం రుజువైంది. ఇరవై ఆరేళ్ళుగా ఊరందర్నీ తిప్పాను, నిన్ను ఒక్కసారీ నా బస్సెక్కించుకోలేదు. నీ దుకాణం వేరే దారని ఊరుకున్నాను. రేపు మొదటి ట్రిప్పులో ముందు సీట్లో నువ్వు కూర్చోవాలి. ఇదే నా తీర్పు. అప్పీలు లేదు."

"టికెట్టు కొనుక్కునే ఎక్కుతాను" అంది పిన్ని.

మర్నాడు పొద్దున ఆమె ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. బాబాయి రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. చూపు రోడ్డు మీదే. పిన్ని కళ్ళనీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా చివరి స్టాపు వరకూ ఆయన్నే చూస్తూ కూర్చుంది. పదకొండో భాగం మేమింకా చూడలేదు.